ఇరవై మిల్లీగ్రాముల ఖరీదు

సాల్బుటమాల్ ఇన్‌హేలర్ పెట్టె మీద చిన్న అక్షరాల్లో రెండు అంకెలుంటాయి. ఒక్కో పఫ్‌లో మందు 100 మైక్రోగ్రాములు. డబ్బాలో పఫ్‌లు 200. రెండూ గుణిస్తే 20,000 మైక్రోగ్రాములు, అంటే 20 మిల్లీగ్రాములు. ఇదే మందు మాత్రల్లోనూ దొరుకుతుంది. పెద్దవాళ్ళకిచ్చే మాత్ర 4 మిల్లీగ్రాములది. అంటే కొందరికి నెలల తరబడి వచ్చే ఇన్‌హేలర్ మొత్తంలో ఉన్న మందు అయిదు మాత్రలకు సమానం.

ఆ అయిదు మాత్రల వెల మన మెడికల్ షాపులో రెండు మూడు రూపాయలకు మించదు. ఈ ధరకు తయారుచేయడం గిట్టుబాటు కావడంలేదని కంపెనీలు మొరపెట్టుకుంటే, జాతీయ ఔషధ ధరల సంస్థ 2024 అక్టోబరులో సాల్బుటమాల్ మాత్ర గరిష్ఠ ధరను ఒక్కసారే 50 శాతం పెంచింది. పెంచాక కూడా ఒక్కో మాత్ర లెక్క పైసల్లోనే ఉంది.

ఇన్‌హేలర్ సంగతి అలా కాదు. మన దగ్గర సాల్బుటమాల్ ఇన్‌హేలర్ నూట యాభై రూపాయల చుట్టుపక్కల ఉంటుంది. అమెరికాలో కాంబివెంట్ అనే ఇన్‌హేలర్ ఉంది. అందులో ఉన్నవి సాల్బుటమాల్, ఇప్రాట్రోపియం అనే రెండు మందులు. రెండూ దశాబ్దాల పాతవి. 2024 జనవరిలో అమెరికా సెనేట్ ఆరోగ్య కమిటీ బయటపెట్టిన లెక్క ప్రకారం దాని ధర అక్కడ 489 డాలర్లు, ఫ్రాన్సులో 7 డాలర్లు. క్వార్ అనే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ అమెరికాలో 286, జర్మనీలో 9. ఎడ్వైర్ అమెరికాలో 319, బ్రిటన్‌లో 26. సముద్రం దాటితే మందు గుణం మారదు, ఊపిరితిత్తులూ మారవు. మరి ఈ డబ్బంతా దేనికి కడుతున్నట్టు?

జవాబులో కొంత భాగం భౌతికశాస్త్రంలో ఉంది, ఎక్కువ భాగం చట్టంలో ఉంది. మొదటిది న్యాయమైన ఖర్చు కాబట్టి ముందు దాన్నే చూద్దాం.

గొంతు దాటే దారి

సాల్బుటమాల్ చేసే పని ఊపిరిగొట్టాల చుట్టూ బిగుసుకున్న కండరాలను వదులు చెయ్యడం. మాత్ర మింగితే మందు కడుపులోకి, పేగుల్లోంచి కాలేయంలోకి, అక్కణ్ణుంచి రక్తంలోకి వెళ్ళి ఒళ్ళంతా తిరుగుతుంది. అందులో ఏ కొంచెమో ఊపిరిగొట్టాలకు చేరుతుంది. మిగిలింది గుండెకు చేరి దడ పుట్టిస్తుంది, చేతులకు చేరి వణుకు తెస్తుంది. ఒక 4 మిల్లీగ్రాముల మాత్ర నలభై పఫ్‌లకు సమానమని గుర్తుపెట్టుకుంటే ఈ దడకూ వణుకుకూ ఆశ్చర్యపడనక్కర్లేదు. అదే మందును పీలిస్తే నేరుగా పని ఉన్నచోటే వాలుతుంది. నాలుగైదు నిమిషాల్లో ఆయాసం తగ్గడం మొదలవుతుంది.

కానీ పీల్చిన ప్రతి రేణువూ లోపలికి పోదు. ధాన్యం తూర్పారబట్టేటప్పుడు గట్టిగింజలు దగ్గర్లోనే పడతాయి, తాలు కొంచెం దూరం పోతుంది, పొట్టు గాలిలో ఎటో కొట్టుకుపోతుంది. మన గొంతులో జరిగేదీ అదే. అయిదు మైక్రాన్ల కన్నా పెద్ద రేణువులు ఎక్కువగా నోట్లోనూ గొంతు వెనక గోడమీదా పడిపోతాయి. ఒక మైక్రాన్ కన్నా బాగా చిన్నవి చాలావరకు ఊపిరితోపాటు వెనక్కి వచ్చేస్తాయి. ఒకటి నుంచి అయిదు మైక్రాన్ల మధ్యవే మనకు కావాలి. తల వెంట్రుక మందం డెబ్భై మైక్రాన్ల దాకా ఉంటుందంటే ఈ కొలత ఎంత చిన్నదో ఊహించవచ్చు. అంత చిన్న రేణువుల్ని, నొక్కిన ప్రతిసారీ అంతే మోతాదులో, రెండు వందలసార్లు తేడా రాకుండా వదలగలిగే యంత్రం జేబులో పట్టాలి. ఇన్‌హేలర్ అంటే ఆ యంత్రం.

ఈ యంత్రం పుట్టుక కథ చిత్రంగా ఉంటుంది. 1955లో అమెరికాలో రైకర్ లేబొరేటరీస్ అనే మందుల కంపెనీ అధిపతి జార్జ్ మేసన్ కూతురికి ఆస్తమా. రబ్బరు బుడ్డి పిసికి వాడే గాజు నెబ్యులైజర్‌తో విసిగిపోయిన ఆ పిల్ల, జుట్టుకు కొట్టుకునే స్ప్రే డబ్బాలాగా నా మందు కూడా ఎందుకు పెట్టరని తండ్రిని అడిగింది. కంపెనీలో పనిచేసే ఛార్లెస్ థీల్ బృందం పట్టుమని ఏడాది తిరక్కుండా దాన్ని చేసి చూపించింది. మోతాదు కొలిచి వదిలే కవాటాన్ని సెంటు సీసాల కోసం తయారైన నమూనా నుంచి తీసుకున్నారు. తోసే వాయువును అప్పట్లో రిఫ్రిజిరేటర్లలో వాడే సీఎఫ్‌సీల నుంచి తెచ్చుకున్నారు. 1956లో అది మార్కెట్లోకి వచ్చింది. సాల్బుటమాల్ అప్పటికింకా పుట్టలేదు. దాన్ని ఇంగ్లండులో డేవిడ్ జాక్ బృందం 1966లో కనిపెట్టింది, 1969లో వెంటోలిన్ పేరుతో అమ్మకానికి వచ్చింది.

ఈ తేదీలు ముందుముందు అవసరం పడతాయి. మందు వయసు అరవయ్యేళ్ళు. యంత్రం వయసు డెబ్భయ్యేళ్ళు. పేటెంటు ఆయుష్షు ఇరవయ్యేళ్ళు. లెక్కప్రకారం ఈపాటికి ఇన్‌హేలర్ అన్నిచోట్లా అందరి సొత్తు అయ్యుండాలి.

ఓజోన్ పొర కోసం

అమెరికాలో ఇన్‌హేలర్ కొంతకాలం అందరి సొత్తు అయింది కూడా. 1990ల మధ్యకల్లా అక్కడ జెనెరిక్ సాల్బుటమాల్ ఇన్‌హేలర్లు వచ్చేశాయి. అక్కడ ఈ మందును ఆల్బ్యుటెరాల్ అంటారు. డబ్బా పదిహేను డాలర్ల లోపే దొరికేది.

ఇంతలో సీఎఫ్‌సీల మీద నిషేధం వచ్చిపడింది. ఈ వాయువులు పైకి చేరి ఓజోన్ పొరను తినేస్తాయని మొలీనా, రోలండ్ 1974లో చెప్పారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. ఇన్‌హేలర్ల నుంచి వెలువడే సీఎఫ్‌సీ మొత్తంలో చాలా స్వల్పం కాబట్టి, పైగా ప్రాణావసరం కాబట్టి, వాటికి కొన్నేళ్ళు మినహాయింపునిచ్చారు. ఈలోగా కంపెనీలు ఓజోన్ జోలికి పోని హెచ్ఎఫ్ఏ అనే వాయువుతో కొత్త ఇన్‌హేలర్లు తయారుచేశాయి. తోసే వాయువు మారితే కవాటం రబ్బరు మారాలి, మందు కలిపే పద్ధతి మారాలి, నోటి దగ్గరి రంధ్రం కొలత మారాలి. మారిన ప్రతిదానికీ ఒక కొత్త పేటెంటు. మొదటి హెచ్ఎఫ్ఏ సాల్బుటమాల్ ఇన్‌హేలర్‌కు 1996లో అమెరికా అనుమతి దొరికింది.

2008 డిసెంబరు 31 తర్వాత సీఎఫ్‌సీ సాల్బుటమాల్ ఇన్‌హేలర్లను అమెరికాలో అమ్మకూడదన్నారు. దాంతో చవక జెనెరిక్కులన్నీ ఒక్కరోజులో చట్టవిరుద్ధమయ్యాయి. మిగిలినవి పేటెంటున్న బ్రాండ్లే. ధర ముప్ఫై డాలర్ల నుంచి అరవై దాకా పోయింది. పాత మందు, పాత జబ్బు, అదే పఫ్; పేటెంటు గడియారం మాత్రం మళ్ళీ సున్నా దగ్గర మొదలైంది. వేరే కంపెనీ సొంతంగా తయారుచేసిన జెనెరిక్ హెచ్ఎఫ్ఏ ఇన్‌హేలర్‌కు అక్కడ అనుమతి దొరికింది 2020లో. అంటే 1996 నుంచి లెక్కేస్తే ఇరవై నాలుగేళ్ళు పట్టింది. ఆ ఏడాది అనుమతి పొందినవాటిలో మన దేశపు సిప్లా, లుపిన్ ఇన్‌హేలర్లున్నాయి.

ఓజోన్ పొరను కాపాడుకోవడం తప్పని నేననను. ఆ ఒప్పందం మానవజాతి చేసిన గొప్ప పనుల్లో ఒకటి. అయితే ఆ మార్పు ఖర్చును ఎవరు భరించాలన్న ప్రశ్న ఎవరూ గట్టిగా అడగలేదు కాబట్టి, అది ఆయాసపడేవాళ్ళ నెత్తిన పడింది. మన దేశంలోనూ ఇన్‌హేలర్లు సీఎఫ్‌సీ నుంచి హెచ్ఎఫ్ఏకు మారాయి. ఇక్కడి కంపెనీలు సొంతంగా కొత్త డబ్బాలు తయారుచేసుకున్నాయి. చాలామంది రోగులకు ఆ మార్పు జరిగినట్టే తెలియదు.

పెట్టె మీద పేటెంట్లు

అమెరికాలో మందుల నియంత్రణ సంస్థ ఆరెంజ్ బుక్ అనే పట్టిక నడుపుతుంది. ఏ మందుకు ఏ పేటెంట్లున్నాయో కంపెనీలు అందులో రాయించుకుంటాయి. 1984 నాటి చట్టం ప్రకారం, ఆ పట్టికలో ఉన్న పేటెంటును కాదని ఎవరైనా జెనెరిక్‌కు దరఖాస్తు చేస్తే, బ్రాండు కంపెనీ దావా వేసిన వెంటనే అనుమతి ముప్ఫై నెలలపాటు ఆగిపోతుంది. దావాలో పస ఉందా లేదా అన్నది ఎవరూ చూడకముందే ఆగిపోతుంది. కాబట్టి పట్టికలో పేటెంటు ఎక్కించడమే పెద్ద వరం.

మాత్రకైతే ఎక్కించడానికి పెద్దగా ఏమీ ఉండదు: మందు అణువు, దాని లవణం, తయారీ రూపం. ఇన్‌హేలర్‌కు అలాకాదు. మూత, కవాటం, స్ప్రింగు, పఫ్‌లు లెక్కపెట్టే మీట, అన్నీ వేరువేరు కల్పనలే. అందుకే మందు పేటెంటు ఎప్పుడో చచ్చిపోయినా ఇన్‌హేలర్ బతికే ఉంటుంది. 1986 నుంచి 2020 దాకా అమెరికాలో అనుమతి పొందిన ఇన్‌హేలర్లను హార్వర్డ్ పరిశోధకులు వరసబెట్టి చూశారు. పేటెంట్లలో సగానికి పైగా మందుమీద కాక పరికరంమీద ఉన్నాయని తేలింది.

దీనిమీద జరిగిన ఒక వ్యాజ్యం చెప్పుకోదగ్గది. టెవా కంపెనీ అమ్మిన ప్రోఎయిర్ అనే సాల్బుటమాల్ ఇన్‌హేలర్‌కు జెనెరిక్ చేస్తామని ఆమ్నీల్ అనే కంపెనీ ముందుకొచ్చింది. టెవా పట్టికలో రాయించుకున్న పేటెంట్లు చూపించి దావా వేసింది. ఆ పేటెంట్లలో ఉన్నది పఫ్‌లు లెక్కపెట్టే యంత్రం, డబ్బా అమరిక లాంటివి. వాటిలో సాల్బుటమాల్ ఊసే లేదని ఆమ్నీల్ వాదించింది. 2023 నవంబరులో అక్కడి వాణిజ్య కమిషన్ కూడా ఇన్‌హేలర్లతో సహా కొన్ని మందుల తాలూకు వందకు పైగా పేటెంట్లు ఆ పట్టికలో ఉండకూడనివని అభ్యంతరం లేవదీసింది. 2024 జూన్‌లో న్యూజెర్సీ ఫెడరల్ కోర్టు టెవా పేటెంట్లు అయిదింటిని పట్టికలోంచి తీసెయ్యమంది. డిసెంబరులో అప్పీలు కోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది. పట్టికలో ఉండాలంటే పేటెంటు మందును గురించి మాట్లాడాలని కోర్టు తేల్చింది. వినడానికి ఇంత మామూలుగా ఉన్న మాటను కోర్టుచేత చెప్పించుకోవడానికి ఇన్నేళ్ళు పట్టింది.

మధ్యవాళ్ళు

పేటెంటు తర్వాతి కథ మధ్యవర్తులది. అమెరికాలో బీమా కంపెనీల తరఫున మందుల జాబితాలు తయారుచేసే సంస్థలున్నాయి. మూడు పెద్ద సంస్థల చేతిలోనే దేశంలోని మందుల చీటీల్లో దాదాపు ఎనభై శాతం ఉంది. ఏ మందు జాబితాలో ఉండాలో ఇవి నిర్ణయిస్తాయి. జాబితాలో చోటిచ్చినందుకు తయారీదారు వీటికి రిబేటు వెనక్కి ఇస్తాడు. రిబేటు పెద్దదిగా కనబడాలంటే అసలు ధర పెద్దదిగా ఉండాలి. అసలు ధర పెరిగితే ఎవరికి దెబ్బ? బీమా వర్తించేముందు సొంతంగా కట్టాల్సిన మొత్తం, అంటే డిడక్టిబుల్, పూర్తికానివాడికి. డిడక్టిబుల్ సాధారణంగా ప్రతి జనవరిలో మళ్ళీ మొదలవుతుంది. చలి ముదిరి ఆయాసం ఎక్కువయ్యే నెలలోనే జేబులోంచి పూర్తి ధర కట్టాల్సి రావడం అక్కడి ఆస్తమా కుటుంబాలకు ఏటేటా అనుభవమే.

ఈ లెక్కలు ఎంత వంకర తిరగగలవో ఫ్లోవెంట్ కథ చెబుతుంది. పిల్లల ఆస్తమాకు అమెరికాలో విరివిగా వాడిన స్టెరాయిడ్ ఇన్‌హేలర్ అది. పేదల కోసం నడిచే మెడికెయిడ్ పథకంలో ఒక నిబంధన ఉంది: ధరను ద్రవ్యోల్బణం కన్నా వేగంగా పెంచిన కంపెనీ ఆ తేడాను ప్రభుత్వానికి రిబేటుగా తిరిగివ్వాలి. ఆ రిబేటుకు ఉన్న పరిమితిని 2024 జనవరి నుంచి తీసేస్తూ 2021లో చట్టం చేశారు. అంటే ఏళ్ళ తరబడి ధర పెంచుతూ పోయిన మందుమీద కంపెనీ ఎదురు డబ్బు కట్టాల్సి రావచ్చు. సరిగ్గా 2024 మొదలవుతూనే జీఎస్‌కే కంపెనీ ఫ్లోవెంట్ బ్రాండును మార్కెట్లోంచి తీసేసింది. అదే డబ్బా, అదే మందు, బ్రాండు పేరు లేకుండా ప్రాస్కో అనే వేరే కంపెనీ ద్వారా తక్కువ ధరకు దొరికేదే మిగిలింది. కొత్త పేరు కాబట్టి పాత పెంపుల లెక్క దానికి అంటదు. చవకైంది కదా, అందరికీ మంచిదే అనుకుంటాం. కానీ చాలా బీమా జాబితాలు దాన్ని ఎక్కించుకోలేదు. పిల్లల డాక్టర్లు రాత్రికి రాత్రి మందు మార్చాల్సొచ్చింది, తల్లిదండ్రులు మందుల షాపుల చుట్టూ తిరగాల్సొచ్చింది. ధర తగ్గితే మందు దొరక్కుండా పోవడమనే వింతను అర్థశాస్త్ర పుస్తకాల్లో ఎక్కడ సర్దుతారో నాకు తెలియదు.

అప్పటి సెనేట్ ఆరోగ్య కమిటీ అధ్యక్షుడు బెర్నీ శాండర్స్ నాలుగు ఇన్‌హేలర్ కంపెనీలకు ఉత్తరాలు రాశాక, 2024 మార్చిలో మూడు కంపెనీలు దిగొచ్చాయి. బోరింగర్ ఇంగెల్‌హైమ్, ఆస్ట్రాజెనెకా 2024 జూన్ నుంచి, జీఎస్‌కే 2025 జనవరి కల్లా, రోగి జేబులోంచి నెలకు 35 డాలర్లకు మించకుండా చూస్తామన్నాయి. బీమా లేనివాళ్ళకు కూడా ఇది వర్తిస్తుంది. మెడికేర్, మెడికెయిడ్ లాంటి ప్రభుత్వ బీమా ఉన్నవాళ్ళకు చట్టరీత్యా వర్తించదు. అసలు ధర తగ్గలేదు, రోగి కట్టే వాటాకు కట్టవేశారంతే. అయినా 35కూ 489కీ ఎంత దూరమో ఇంటి ఖర్చులు చూసుకునేవాళ్ళకు చెప్పక్కర్లేదు.

డాలస్‌లోనో ఎడిసన్‌లోనో ఉన్న తెలుగు కుటుంబాలకు ఇందులో పనికొచ్చే సంగతులున్నాయి. కంపెనీ వెబ్‌సైటులో ఈ 35 డాలర్ల కార్డు తీసుకోవచ్చు. డాక్టరు బ్రాండు రాసినా దానికి జెనెరిక్ ఉందేమో అడగాలి: ఎడ్వైర్ డిస్కస్‌కు విక్సెలా 2019 నుంచి ఉంది, సింబికార్ట్‌కు బ్రేనా 2023 నుంచి ఉంది. జెనెరిక్ సాల్బుటమాల్ అయితే బీమా పక్కనపెట్టి డిస్కౌంటు కార్డుతో కొన్నప్పుడే ఒక్కోసారి చవక పడుతుంది. ఇక చాలా ఇళ్ళలో జరిగేది, ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తూ ఆవకాయ సీసాతోపాటు నాలుగు ఇన్‌హేలర్లు తేవడం. సొంత వాడకానికైతే మూడు నెలలకు సరిపడా తెచ్చుకోవడాన్ని అక్కడి అధికారులు సాధారణంగా అడ్డుకోరు. చీటీ, పెట్టె వెంట ఉండాలి. తెచ్చుకున్నాక అక్కడి డాక్టరుకు చెప్పాలి. రెండు దేశాల మందులు రెండు పేర్లతో పక్కపక్కన పెట్టుకుని, రెండూ ఒకటేనని తెలియక రెండూ వాడేవాళ్ళున్నారు.

చవకైన చోట ఏమవుతోంది

మన దేశంలో ధర తక్కువగా ఉండటానికి మూలం 1970 పేటెంట్ల చట్టం. జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ నివేదిక ఆధారంగా వచ్చిన ఆ చట్టం 1972 నుంచి అమలైంది. మందు అణువు మీద పేటెంటు ఇవ్వం, తయారుచేసే పద్ధతి మీదే ఇస్తామంది. మరో పద్ధతిలో అదే మందు చేసే వీలు దొరికింది. సిప్లా లాంటి కంపెనీలు ఆ నీడలోనే ఇన్‌హేలర్లు నేర్చుకున్నాయి. 2005లో మందు పేటెంట్లు తిరిగొచ్చేనాటికి సాల్బుటమాల్, బ్యుడెసొనైడ్ లాంటివి ఎవరైనా చేసుకోదగినవైపోయాయి. ఇప్పుడవి జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి కాబట్టి గరిష్ఠ ధరను ప్రభుత్వమే నిర్ణయిస్తుంది.

ఇంత చవకగా దొరికే దేశంలో ఆస్తమా మరణాలు తక్కువగా ఉండాలి. లేవు. ప్రపంచ ఆస్తమా రోగుల్లో సుమారు ఎనిమిదో వంతు మనదేశంలో ఉంటే, ఆస్తమా మరణాల్లో నలభై శాతానికి పైగా ఇక్కడే జరుగుతున్నాయని 2019 అంచనా. ఇక్కడే ఖరీదు అన్నదాన్ని వేరేగా లెక్కగట్టాలి. డబ్బాకు ఎంత కట్టామన్నది ఒక లెక్క. ఊపిరిగొట్టానికి చేరిన మందుకు ఎంత కట్టామన్నది ఇంకో లెక్క. నాకు రెండోదే అసలు ధర అనిపిస్తుంది.

నొక్కి పీల్చే ఇన్‌హేలర్‌ను బాగా వాడినా మందులో పది నుంచి ఇరవై శాతమే ఊపిరితిత్తులకు చేరుతుంది. పొరపాటుగా వాడితే దాదాపు సున్నా. నలభై ఏళ్ళ అధ్యయనాలను కలిపి చూసిన 2016 నాటి సమీక్షలో, సరిగ్గా వాడుతున్నవాళ్ళు 31 శాతమే. నలభై ఏళ్ళలో ఈ అంకె మెరుగుపడనూ లేదు. అంటే ప్రతి ముగ్గురిలో ఇద్దరు కొన్న మందులో ఎంతో కొంత నోట్లోనే పారబోస్తున్నారు. మన డాక్టరు గదిలో రోగికి దొరికేది మూడు నాలుగు నిమిషాలు. అందులో ఇన్‌హేలర్ ఎలా పట్టుకోవాలో చూపించేవాళ్ళు ఎంతమంది?

చెయ్యాల్సింది కష్టమేమీ కాదు. డబ్బాను ఊపాలి. ఊపిరి మొత్తం వదలాలి. పెదవులు బిగించి, మెల్లగా పీల్చడం మొదలుపెడుతూనే ఒక్కసారి నొక్కాలి. నాలుగైదు సెకన్లపాటు పీలుస్తూనే ఉండి, పది అంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టాలి. రెండో పఫ్ కావాలంటే మళ్ళీ మొదటినుంచీ ఇదంతా. రోటాహేలర్ లాంటి పొడి పరికరాలకు పీల్చే పద్ధతి పూర్తిగా వేరు: అక్కడ తోసే వాయువు లేదు, మన ఊపిరే పొడిని లాగాలి కాబట్టి గట్టిగా, వేగంగా పీల్చాలి. ఈ రెండు పద్ధతుల్నీ తారుమారు చెయ్యడం అందరూ చేసే పొరపాటు. షాపువాడు ఒక బ్రాండు లేదని, చవకని, వేరే రకం పరికరం చేతిలో పెడితే, మిగిలిన పాతిక రూపాయలూ నెలలోపే ఆయాసం రూపంలో తిరిగొస్తాయి.

పిల్లలకూ పెద్దవయసువాళ్ళకూ నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరదు. వాళ్ళకు స్పేసర్ అనే గొట్టం కావాలి. మందు ముందు ఆ గొట్టంలోకి వెళుతుంది. పెద్ద రేణువులు దాని గోడలకే అంటుకుంటాయి, చిన్నవి గాలిలో తేలుతుంటే తీరిగ్గా పీల్చుకోవచ్చు. స్పేసర్ ఒకసారి కొంటే చాలాకాలం వస్తుంది. కొనలేని చోట ఏం చెయ్యాలో దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ పిల్లల డాక్టరు హెదర్ జార్ చూపించారు. అరలీటరు ప్లాస్టిక్ సీసా అడుగున ఇన్‌హేలర్ మూతి పట్టేంత కంత చేసి, జిగురుతో గాలి పోకుండా అతికి, సీసా మూతిలోంచి పిల్లలచేత పీల్పించారు. 1999లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చిన ఆ పరిశోధనలో ఖాళీ సీసా కంపెనీ స్పేసర్‌తో సమానంగా పనిచేసింది. ప్లాస్టిక్ కప్పు మాత్రం అంతగా పనికిరాలేదు. ఇన్‌హేలర్ ఖర్చు మీద ఇన్ని చట్టాలు, ఇన్ని వ్యాజ్యాలు చదివాక ఈ సీసా దగ్గరకొస్తే ప్రాణం లేచొచ్చినట్టుంటుంది.

రెండో వృథా ఇంతకన్నా ప్రమాదం. ఆయాసం వచ్చినప్పుడు ఉపశమనమిచ్చే ఇన్‌హేలర్ వేరు, ఊపిరిగొట్టాల వాపును తగ్గించి ఆయాసమే రాకుండా చూసే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వేరు. మొదటిది చవక, వెంటనే పని కనబడుతుంది. రెండోది ధర ఎక్కువ, రోజూ వాడాలి, వాడినందుకు ఏమీ జరిగినట్టు అనిపించదు. చేతిలో డబ్బు తక్కువున్నవాళ్ళు దేన్ని వదిలేస్తారో చెప్పనక్కర్లేదు. కెనడాలోని సస్కాచెవాన్ రోగుల రికార్డులతో 2000లో వచ్చిన పరిశోధన ప్రకారం, ఏడాదిలో వాడిన ప్రతి అదనపు స్టెరాయిడ్ డబ్బాకూ ఆస్తమాతో చనిపోయే ముప్పు 21 శాతం తగ్గింది. 2019 నుంచి అంతర్జాతీయ ఆస్తమా మార్గదర్శకాలు పెద్దవాళ్ళకు, కౌమారంలో ఉన్నవాళ్ళకు సాల్బుటమాల్ ఒక్కటే ఇవ్వవద్దంటున్నాయి. రెండు మందులూ కలిసిన బ్యుడెసొనైడ్–ఫార్మోటెరాల్ ఇన్‌హేలర్‌ను అవసరమైనప్పుడే వాడే పద్ధతి కొందరికి సరిపోతుంది. రోజువారీ డబ్బా ఖర్చు భరించలేనివాళ్ళు డాక్టరును ఈ మాట అడిగి చూడవచ్చు.

ధర పోల్చేటప్పుడు పెట్టె మీది వెలను పోల్చకూడదు, రోజు ఖర్చును పోల్చాలి. 120 పఫ్‌ల డబ్బా రోజుకు నాలుగు పఫ్‌ల చొప్పున నెల వస్తుంది. 200 పఫ్‌లది యాభై రోజులు. ఒకే మందు, ఒకే మోతాదు బ్రాండుకో ధర ఉంటుంది. జన్ ఔషధి దుకాణాల పట్టికలో సాల్బుటమాల్ ఇన్‌హేలర్లూ, బ్యుడెసొనైడ్ ఉన్న ఇన్‌హేలర్లూ ఉన్నాయి, నిల్వ ఉందో లేదో మాత్రం ముందు కనుక్కోవాలి. రోజుకూలీ మీద బతికేవాళ్ళకు రోటాహేలర్‌లో వేసుకునే పొడి గుళికలు, అంటే రోటాక్యాప్‌లు, అనువు, డబ్బా మొత్తం ఒకేసారి కొననక్కర్లేదు. పొడి చెమ్మ తగిలితే గడ్డకడుతుంది కాబట్టి కోస్తా ఉక్కలో వాటిని స్నానాలగది అలమరలో పెట్టకూడదు. పఫ్‌లు లెక్కపెట్టే అంకెలు లేని డబ్బా అయితే మొదలుపెట్టిన తేదీని దానిమీదే రాసుకోవాలి. డబ్బా నీళ్ళలో తేలుతోందో మునుగుతోందో చూసి మందు మిగిలిందో లేదో చెప్పే చిట్కా తప్పు. మందు అయిపోయాక కూడా తోసే వాయువు కొన్నిసార్లు చుస్సుమంటూనే ఉంటుంది, మనం ఉత్తగాలి పీల్చి తగ్గలేదని బెంగపడతాం.

ఇన్ని చెప్పినా మన ఇళ్ళలో అన్నిటికన్నా పెద్ద అడ్డు డబ్బు కాకపోవచ్చు. ‘అది మొదలుపెడితే ఇక వదలదట, అలవాటైపోతుందట’ అనే మాట తెలుగువాళ్ళకు ఇన్‌హేలర్ కన్నా ముందు చేరింది. ఏటా మృగశిర కార్తెనాడు హైదరాబాదులో చేపప్రసాదం కోసం దేశం నలుమూలల నుంచి వేలమంది వస్తారు, రైలు ఛార్జీలు పెట్టుకుని, రాత్రంతా వరసల్లో నిలబడి. ప్రసాదం ఉచితమే. అది ఆస్తమాను తగ్గిస్తుందనడానికి శాస్త్రీయమైన రుజువు లేదు. అయితే ఆ వరసల్లో నిలబడ్డవాళ్ళను చూసి నవ్వడం నాకు చేతకాదు. ఉబ్బసానికి ఒక్కసారి మింగితే పోయే మందు కావాలన్న ఆశ, జీవితాంతం నెలనెలా కొనాల్సిన డబ్బా అంటే ఉన్న భయం, రెండూ ఒకచోటే పుడతాయి. ఇన్‌హేలర్ అలవాటు చేసే మందు కాదు. జబ్బే వదలదు, అందుకని మందూ వదలదు. ఆ సంగతి వివరించడానికి డాక్టరుకు తీరిక, రోగికి ధైర్యం రెండూ కావాలి. ఆరోగ్యశ్రీ లాంటి పథకాలు ప్రధానంగా ఆస్పత్రిలో చేరాక ఆదుకుంటాయి. చేరకుండా కాపాడే నెలనెలా డబ్బాను చాలావరకు ఇంటివాళ్ళే కొనుక్కోవాలి.

ఇప్పుడు ఇంకో మార్పు మొదలైంది. ఓజోన్‌ను కాపాడిన హెచ్ఎఫ్ఏ వాయువుకు భూమిని వేడెక్కించే గుణం ఉంది. ఒక కిలో హెచ్ఎఫ్ఏ–134ఏ వెయ్యి కిలోలకు పైగా బొగ్గుపులుసు వాయువుతో సమానం. 2016 కిగాలీ ఒప్పందం ప్రకారం దేశాలన్నీ వీటిని తగ్గించుకోవాలి. ఇండియా 2028లో వాడకాన్ని నిలకడ చేసి, 2032 నుంచి కోత మొదలుపెట్టాలి. వేడెక్కించే గుణం దాదాపు లేని కొత్త వాయువుతో ఆస్ట్రాజెనెకా చేసిన ఇన్‌హేలర్‌కు 2025లో బ్రిటన్ అనుమతి వచ్చింది. వాయువు మారితే కవాటం మారుతుంది, మందు కలిపే పద్ధతి మారుతుంది, నోటి దగ్గరి రంధ్రం మారుతుంది. 2005కు ముందు మన కంపెనీలకున్న వెసులుబాటు ఈసారి లేదు. కొత్త డబ్బాల మీద పేటెంట్లు ఎవరి చేతిలో ఉంటాయో, మన ధరల సంస్థ వాటిని గరిష్ఠ ధర కిందికి తెస్తుందో లేదో, పాత డబ్బాలు ఎప్పటిదాకా అమ్మనిస్తారో 2032 లోపు తేలాలి.